చదువుకొను పిల్లవాని పరపతి



శివరాత్రి సందడి తగ్గిన పిదప నేను శ్రీశైలమునకు పోయి యుంటిని. పాతాళగంగలో స్నానము చేసి మెట్లెక్కుచు, ఆయాసము తీర్చుకొనుటకు నడుమ నొకచోట కూర్చుంటిని. నా ప్రక్కనే ఆత్మకూరు ప్రాంతపు రైతు ఒకరు, డెబ్బది యేండ్లు దాటినవారు, కూర్చుండి యుండిరి. మాటలలో మాటగా వారు నన్నిట్లు అడిగిరి.

“సామీ, మీరు చదువుకొన్నవారివలె నున్నారు. మా మనుమడు కర్నూలులో బి.యస్సీ. రెండవ యేడు చదువుచున్నాడు. సాయంకాలము పిల్లలకు పాఠములు చెప్పి నెలకు నాలుగువేలు తెచ్చుకొనును. వానికి క్రెడిట్ కార్డు ఇప్పింతునని యెవరో ఫోను చేసినారట. దరఖాస్తులో ఆదాయము ఇరువదియైదువేలని వ్రాసిన చాలునట. అట్లు వ్రాయుటకు ఇష్టము లేకున్న, వాని పేర బ్యాంకులో కొంత సొమ్ము డిపాజిట్టు వేసిన దానిమీద కార్డు వచ్చునట. వాడు నన్నడుగుచున్నాడు. వ్రాయుమందునా, డిపాజిట్టు వేయుదునా, రెండును వలదందునా?”

ఈ ప్రశ్న ఆ పెద్దమనుష్యునిది మాత్రమే కాదు. కర్నూలు, నంద్యాల, కడప పట్టణములలో బిడ్డలను చదివించుకొనుచున్న వేలకొలది కుటుంబములది. కడపలో యోగివేమన విశ్వవిద్యాలయము 2006 లోను, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయము 2008 లోను ఏర్పడినవి. మెట్టసేద్యపు ఇండ్లనుండి కళాశాల మెట్లెక్కిన మొదటి తరము పిల్లలు వీనిలో ననేకులు. కావున నాడు వారికి చెప్పిన సమాధానమునే నేడు మీకందరకు కొంచెము విపులముగా మనవి చేసెదను.

మన భాషలో పరపతి యను మాట యొకటి గలదు. ఊరిలో నొకని మాట చెల్లుటను పరపతి యందుము. అప్పు పుట్టుటను గూడ పరపతి యనియే యందుము. 1904 లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడు దాని వెనుకనున్న తలంపు గూడ ఇదియే. ఆస్తి కొంచెమైనను, ఊరివారు ఒకరి నడవడి నొకరెరుగుదురు. గనుక ఒకరికొకరు పూచీపడి అప్పు తెచ్చుకొనగలరు. అంగడివాడు పద్దు వ్రాసికొని సరకు ఇచ్చుటయు ఇట్టిదే. వానికి మీ పొలము తెలియును, మీ నాయన తెలియును, మీ మాట తెలియును.

క్రెడిట్ కార్డు గూడ ఒక పద్దే. ఇది మనకు మరీ క్రొత్తది కాదు. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923 లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981 లోనే కార్డులు ఇచ్చుటకు ప్రారంభించెను. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1 న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. కార్డు పద్ధతి యిది: నెలలో కొన్న వస్తువుల వెల అంగడికి బ్యాంకు చెల్లించును. నెల కొకసారి లెక్క పంపి, కట్టుటకు గడువు చూపును. ఆ గడువులోపల పూర్తిగా కట్టినవానికి వస్తువుల కొనుగోలుపై వడ్డీ లేదు. పైకము నగదుగా తీసిన మాత్రము వడ్డీ ఆనాటినుండియే పరుగిడును.

అయితే అంగడివానికి మీ మనుమడు తెలిసినట్లు బ్యాంకునకు తెలియడు. వానికి జీతము లేదు, పొలము లేదు, వెనుకటి లెక్క లేదు. అట్టివానికి కార్డు వచ్చు మార్గములు మూడు మాత్రమే.

మొదటిది, పెద్దవారి కార్డునకు అనుబంధముగా నిచ్చు కార్డు. తండ్రికి కార్డున్నయెడల కొడుకు పేర మరియొకటి తీసికొనవచ్చును. ఖర్చు కొడుకుది, బాకీ మాత్రము తండ్రిదే. తన లెక్క తాను చూచుకొను తండ్రికి ఇది తగును.

రెండవది, డిపాజిట్టుమీద నిచ్చు కార్డు. పిల్లవాని పేర కొంత సొమ్ము గడువు డిపాజిట్టుగా నుంచిన, అందులో నొక భాగము మేరకు బ్యాంకు కార్డు ఇచ్చును. డిపాజిట్టుపై వడ్డీ వచ్చుచునే యుండును. బాకీ నిలిచిన బ్యాంకు ఆ సొమ్మునుండి తీసికొనును. ఇక్కడ ఆదాయపు పత్రముల పట్టింపు తక్కువ. ఏలయన పూచీ ఎదుటనే యున్నది.

మూడవది, స్వంత ఆదాయమును చూపి తీసికొను కార్డు. ఇది ఉద్యోగమున్న వానికి. నాలుగువేలు తెచ్చువాడు ఇరువదియైదువేలని వ్రాయుట అబద్ధపు సాక్ష్యమునకు చేవ్రాలు చేయుటయే. ఫోను చేసినవానికి కార్డు కొకటింత కూలి ముట్టును; వాడు మరునాడు కనబడడు. చేవ్రాలు మాత్రము పిల్లవానిది. పైగా ఇరువదియైదువేల ఆదాయమునకు తగిన హద్దును బ్యాంకు ఏర్పరచును. ఆ బాకీ తీర్చవలసినది నాలుగువేల ఆదాయము.

పదునెనిమిది యేండ్లు నిండనివానికి స్వంత పేర కార్డు కుదరదు. 1872 నాటి ఒప్పందముల చట్టము ననుసరించి మైనరు చేసిన ఒప్పందము చెల్లదు.

ఇంక వడ్డీ సంగతి. మీలో పలువురియొద్ద 1998 లో ప్రవేశపెట్టిన కిసాన్ క్రెడిట్ కార్డు ఉండును. పేరు చూచి రెండును ఒకటే యనుకొనవలదు. మూడు లక్షల లోపు పంట అప్పుపై వడ్డీ ఏడాదికి నూటికి 7 రూపాయలు. సకాలమున కట్టినవానికి 3 రూపాయల రాయితీ పోగా 4. క్రెడిట్ కార్డు బాకీ నిలిచినచో అనేక బ్యాంకుల వడ్డీ నెలకు నూటికి మూడు రూపాయలకు పైమాటయే. మూడున్నర రూపాయల వడ్డీ యనుకొనుడు; ఏడాదికి 42 రూపాయలు. ఆ వడ్డీపై మరల నూటికి 18 వంతున పన్ను గలదు. ఊరిలో మూడు రూపాయల వడ్డీకిచ్చువానిని మన మేమని పిలుతుమో మీకు నేను చెప్పనక్కరలేదు.

లెక్కలో “కనీస మొత్తము” అని యొక అంకె యుండును. పిల్లవాడు దానిని చూచి, ఇంతమాత్రము కట్టిన చాలునని సంతోషించును. ఇరువదివేలు బాకీ నిలిచిన దనుకొందము. మరేమియు కొనలేదు. నెలనెలా మొత్తములో నూటికి అయిదు వంతున కట్టుచు వచ్చెను. మొదటి నెల వడ్డీ 700, దానిపై పన్ను 126, వెరసి 826. తాను కట్టినది సుమారు 1,041. అసలులో తగ్గినది 215 మాత్రమే. పండ్రెండు నెలలు ఇట్లు కట్టిన, చేతినుండి పోయినది దాదాపు 11,780 రూపాయలు. ఇంకను నిలిచిన బాకీ దాదాపు 17,560. ఏడాదిపొడుగున తాను ఎక్కుచున్నాననియే వాడనుకొనును. చూడగా నిలిచినది దాదాపు మొదటి మెట్టుమీదనే.

మన పెద్దలు ఈ బాధ నెరుగనివారు కారు. వడ్డీ అసలును మించరాదని ధర్మశాస్త్రములే విధించినవి. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1938 లో రాజగోపాలాచారిగారి ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును తెచ్చినది. రైతు అసలునకు రెట్టింపు చెల్లించి యున్న, అప్పు పూర్తిగా తీరినట్లే యని అందులో నొక నియమము. కార్డు బాకీకి అట్టి కట్ట నేడు లేదు. ఏడాదికి నూటికి 30 మించిన కార్డు వడ్డీ అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008 లో తీర్పు చెప్పెను. ఆ తీర్పును సుప్రీము కోర్టు 2024 డిసెంబరు 20 న కొట్టివేసినది. కనుక మీ మనుమని కాపాడవలసిన హద్దు చట్టమున గాక, మీ యింటిలోనే ఏర్పడవలెను.

చట్టము పూర్తిగా చేతులు ముడుచుకొని యున్నదని నేననను. రిజర్వు బ్యాంకు 2022 లో చేసిన నిబంధనల ప్రకారము అడుగని కార్డును ఎవరికిని పంపరాదు. ఒప్పుదల లేకయే కార్డు చలామణి చేసి లెక్క పంపినచో, ఆ మొత్తమును రద్దుచేయుటయే గాక దానికి రెట్టింపు పరిహార మీయవలెను. బాకీ తీర్చి కార్డు మూసివేయుమని కోరిన, ఏడు పనిదినములలో మూయవలెను. ఆలస్యమైన దినమునకు 500 రూపాయల వంతున ఇచ్చుకొనవలెను. బాకీ రాబట్టుకొనువారు ఉదయము 8 గంటలకు ముందును, సాయంకాలము 7 గంటల తరువాతను పిలువరాదు, బెదరింపరాదు. మీ ఫిర్యాదుపై బ్యాంకు ముప్పది దినములలో సమాధాన మీయకున్న రిజర్వు బ్యాంకు ఓంబుడ్సుమనునకు వ్రాసికొనవచ్చును, రుసుము లేదు.

ఇతర దేశములును దెబ్బతిని నేర్చుకొన్నవే. 1958 లో అమెరికాలోని ఫ్రెస్నో పట్టణమున నొక బ్యాంకు, అడుగకయే అరువదివేల మందికి కార్డులు పంపి మిక్కిలి నష్టపడినది. అర్ధశతాబ్దము గడచిన పిదప, 2009 లో, ఆ దేశము ఒక చట్టము చేసి, ఇరువది యొక యేండ్లు నిండనివానికి తీర్చగల స్వంత ఆదాయమో, పెద్దల పూచీయో లేక కార్డు ఈయరాదనెను. కళాశాల ఆవరణలలో బహుమానములు చూపి విద్యార్థులచే దరఖాస్తులు వ్రాయించుటను గూడ నిషేధించెను. మన పిల్లలు నేడు ఆ దేశమునకు చదువులకై పోవుచున్నారు. అక్కడ గూడ వెనుకటి లెక్క లేనివానికి డిపాజిట్టు కార్డే సాధారణముగా మొదటి మెట్టు.

“ఇన్ని చిక్కులున్న కార్డు వానికేల?” అని ఆ పెద్దమనుష్యులు నన్నడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. నేటి బ్యాంకు మనిషి ముఖము చూచి అప్పీయదు. లెక్క చూచి యిచ్చును. ఎవరు సకాలమున తీర్చిరి, ఎవరు తప్పిరి అను వివరమును పరపతి సమాచార సంస్థలు భద్రపరచి, 300 మొదలు 900 వరకు అంకె వేయును. ఏడాది కొకసారి ఆ పత్రమును ఉచితముగా తెప్పించుకొనవచ్చును. రేపు మీ మనుమడు ఇల్లు కట్టుకొనబోయినను, అంగడి పెట్టబోయినను బ్యాంకు ఆ అంకెను చూచును. చిన్న డిపాజిట్టుమీద చిన్న కార్డు, నెలనెలా పూర్తి చెల్లింపు: ఇట్లు రెండు మూడేండ్లు జరిగిన వానికొక మంచి పేరు నిలుచును. ఇరువది యేండ్లప్పుడు తప్పిన వాయిదా గూడ అట్లే నిలుచును.

వలదని గద్దించి ఊరకుండుటయు మంచిది కాదు. ఇంటిలో నోరు మూయించిన పిల్లవాడు ఫోనులోని అప్పులవానిని వెదకుకొనును. అట్టి అనధికారపు అప్పుల బాధ భరింపలేక తెలంగాణమున 2020 లో కొందరు ప్రాణములు తీసికొనిరి. అప్పీయగనే ఫోనులోని బంధువుల పేర్లు సంగ్రహించి, వారియెదుట పరువు తీయుట అప్పులవారి పద్ధతి. ఆ యేడు డిసెంబరులో రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించినది. చదువునకే సొమ్ము కావలసిన యెడల విద్యా ఋణమునకు బ్యాంకునకు పోవలెను. నాలుగు లక్షల వరకు తాకట్టు అడుగరు, చదువు ముగియువరకు వాయిదాలు ఉండవు. కళాశాల రుసుమును కార్డుమీద కట్టి వడ్డీకి బలియగుట తెలివి కాదు.

తుదకు నేను వారికి చెప్పినది ఇది. ఆదాయము అబద్ధము వ్రాయనీయకుడు. మీ చేతిలో మిగులు సొమ్మున్న, పోయినను ఇల్లు కదలనంత మాత్రమే పిల్లవాని పేర డిపాజిట్టు వేయుడు. ఖర్చు వాని పాఠముల సంపాదనలో సగమునకు మించరాదని మాట తీసికొనుడు. నెల లెక్క వచ్చిన నాడు వాడు దానిని మీకు చదివి వినిపింపవలెను. రెండు నెలలు వరుసగా పూర్తిగా కట్టలేకపోయిన, కార్డు మూయింపవలెను. మిగులు సొమ్ము లేకున్న, ఇప్పుడు వలదని నెమ్మదిగా చెప్పుడు. ఉద్యోగము వచ్చిన నాడు కార్డు తానే వచ్చును.

ఆయన కొంతసేపు ఊరకుండి, “నెల లెక్క చదివి వినిపించుమన్న, వాడు ఒప్పుకొనునో లేదో చూతము. ఒప్పుకొన్న వేసెదను, లేకున్న వేయను,” అని లేచిరి. నాకు ఆ మాట నా సలహాకంటె మేలుగా తోచినది. లెక్క దాచనివాడు అప్పునకు అర్హుడు. దాచువానికి ఎంత ఆదాయమున్నను చాలదు.

పాతాళగంగ మెట్లు దిగుట యెవరికిని కష్టము కాదు. ఎక్కవలసి యున్నదని తలచుకొని దిగినవాడే వేళకు పైకి చేరును. మీ యింటి పిల్లలు కార్డు మాట ఎత్తిన నాడు, కోపింపక కూర్చుండబెట్టి, ఈ లెక్క వారిచేతనే వేయింపుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.