ఫోర్క్‌లిఫ్టు ప్రమాదములు - పంచాయతీ చేయదగిన పని

పంచాయతీ సభ్యులారా,

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలి ఎనమండుగురు చిక్కుకొనిరి. నెల గడచినను ఇద్దరి దేహములే దొరకినవి. అందరును దూర రాష్ట్రములనుండి వచ్చినవారు. వారి పేర్లు దేశమంతయు వినెను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలనుండి కర్మాగారమునకు పోయిన మనవాని కాలు గిడ్డంగిలో నలిగినచో ఆ వార్త ఊరు దాటదు. నేడు అట్టి ప్రమాదమును గూర్చియే చెప్పదలచితిని.

కొత్తూరు, షాద్‌నగర్, పోలేపల్లి ప్రాంతములలో సరుకులెత్తు ఫోర్క్‌లిఫ్టును మీలో కొందరు చూచియుందురు. ముందు రెండు ఇనుప కొమ్ములు, వెనుక బరువైన దిమ్మ యుండును. ట్రాక్టరువలె గాక ఇది వెనుక చక్రములతో తిరుగును. అందుచే మలుపులో వెనుక భాగము విసురుగా పక్కకు వచ్చి, చెంతనున్నవానిని గోడకు అదిమివేయును. సరుకును పైకెత్తి మలిపినచో బండి ఒరుగును. అప్పుడు భయపడి దూకినవాడే దాని క్రింద పడును. బెల్టు పెట్టుకొని కూర్చున్నవాడు బ్రతుకుటకు అవకాశము హెచ్చు. సరుకు చూపునకు అడ్డమైనచో బండిని వెనుకకే నడుపవలెను. కొమ్ములపై మనిషిని నిలిపి పైకెత్తుట ఎంత తొందర పనియైనను కూడదు. శిక్షణ లేనివాడు తాళముచెవి ముట్టరాదు.

ప్రమాదము జరిగిన పిమ్మట గుంపు మేస్త్రీ కొంత సొమ్ము చేతిలో పెట్టి, కాగితముపై వేలిముద్ర వేయించుకొనుట కలదు. మేస్త్రీలందరు చెడ్డవారని నా భావము కాదు. పలువురు మన ఊరివారే, చట్ట మెరుగరు. హక్కు వదలుకొంటినను కాగితము చెల్లదు. మేస్త్రీ తెచ్చిన కూలీకిని కర్మాగారపు యజమానియే బాధ్యుడు. మరణ పరిహారమును యజమాని అధికారియొద్ద జమచేయవలెనే గాని కుటుంబము చేతికిచ్చి తీర్చుకొనరాదు. 30 ఏండ్లవాడు మరణించినచో నెలజీతములో సగమును 207.98తో హెచ్చింతురు, జీతము 15,000 రూపాయలుగా లెక్కించినచో 15,59,850 రూపాయలగును. మేస్త్రీ ఇచ్చు సొమ్మును దీనితో పోల్చి చూడుడు! ఈఎస్ఐ కలవారికి ఆ సంస్థయే నెలనెల భృతి ఇచ్చును.

కావున వలసపోవు ప్రతివాని పేరు, కర్మాగారము పేరు, మేస్త్రీ పేరు, ఈఎస్ఐ సంఖ్య, పనిలో చేరిన తేది పంచాయతీ పుస్తకములో వ్రాయించుడు. ప్రమాదమైనచో ఆసుపత్రి కాగితములు, జీతపు చీటీలు భద్రపరచవలెను. పరిహారపు దరఖాస్తు రెండేండ్లలోపల చేయవలెను. అందుకై కర్మాగారమున్న చోటికే పోనక్కరలేదు, కుటుంబము నివసించు ప్రాంతపు అధికారికే ఇయ్యవచ్చును.