తీర్పు రోజు కూడా వెళ్లండి



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపటి నుంచి విలేకరులుగా కోర్టు బీటు చూస్తారు. నా ఉద్యోగ జీవితమంతా ఆ వరండాల్లోనే గడిచింది. మళ్లీ మొదలుపెట్టమన్నా అదే బీటు అడుగుతాను. ఎందుకో చెబుతాను.

1979 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో బీహార్ జైళ్ల మీద కథనాలు వచ్చాయి. రాసింది జాతీయ పోలీసు కమిషన్ సభ్యుడు కె.ఎఫ్. రుస్తుంజీ. నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం, విచారణే లేకుండా మగ్గుతున్నవాళ్లు ఆ జైళ్లలో ఉన్నారు. న్యాయవాది కపిలా హింగోరాణీ ఆ కథనాలే ఆధారంగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. సత్వర విచారణ రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన హక్కులో భాగమని కోర్టు తేల్చింది. వేలాది విచారణ ఖైదీల విడుదలకు అది దారి తీసింది. వివరం తెలుసుకుని సూటిగా రాసిన వార్తకు అంత బలం ఉంది.

ఇక మీ రోజువారీ పని. హైకోర్టులో న్యాయమూర్తి ప్రభుత్వ న్యాయవాదిని గట్టిగా నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ‘సర్కారుకు హైకోర్టు మొట్టికాయలు’ అని టీవీల్లో నిమిషాల్లో స్క్రోలింగ్ మొదలవుతుంది. ఉత్తర్వు కాపీ వచ్చాక చూస్తే కౌంటర్ దాఖలు చేయమని, విచారణ నాలుగు వారాలు వాయిదా అని మాత్రమే ఉంటుంది. విచారణలో వచ్చిన వ్యాఖ్యలు రాయకుండా మీడియాను ఆపలేమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ స్వేచ్ఛను నిండుగా వాడుకోండి. కానీ వ్యాఖ్యను వ్యాఖ్యగానే, ఉత్తర్వును ఉత్తర్వుగానే రాయండి. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 4వ సెక్షన్ రక్షణ ఇచ్చేది ఉన్నది ఉన్నట్టు, పక్షపాతం లేకుండా రాసిన వార్తకే.

తీర్పులు ఎక్కువగా ఇంగ్లీషులో వస్తాయి. భూసేకరణలో పొలం పోయిన రైతు తన కేసు ఏమైందో మీ తెలుగు వార్తలోనే తెలుసుకుంటాడు. స్టే వచ్చిందంటే కేసు గెలిచినట్టు కాదని, బెయిల్ వచ్చిందంటే కేసు కొట్టేసినట్టు కాదని అతనికి అర్థమయ్యేలా రాయండి. అత్యాచార బాధితుల పేరే కాదు, ఊరు, బడి, బంధువుల వివరాలు, వాళ్లను పోల్చుకునే ఏ ఆనవాలూ మీ వార్తలో ఉండకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇది. అరెస్టయిన రోజు మనిషి ఫొటో మొదటి పేజీలో వేస్తాం. ఏళ్ల తర్వాత అతను నిర్దోషి అని తేలిన రోజు కోర్టు హాల్లో విలేకరి ఉండడు. అతని కూతురికి సంబంధం చూడడానికి వచ్చినవాళ్లు పాత వార్తే తలుచుకుంటారు. కోర్టు తుడిచేసిన మచ్చను మన పత్రిక అలాగే ఉంచేస్తోంది. ఇది అన్యాయం.

అందుకే మీరు రాసిన ప్రతి అరెస్టు వార్తకూ డైరీలో ఒక పేజీ కేటాయించండి. కేసు నంబరు, కోర్టు పేరు, వాయిదా తేదీ రాసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఫోన్‌లోనే కేసు వివరాలు చూసుకోవచ్చు. ప్రతి వాయిదాకూ వెళ్లలేకపోయినా తీర్పు రోజు తప్పకుండా వెళ్లండి. శిక్ష పడితే రాయండి, నిర్దోషి అని తేలితే అరెస్టు వార్తకు ఇచ్చినంత చోటు ఇమ్మని మీ డెస్కుతో పట్టుబట్టండి. మీ పేరుతో వచ్చిన వార్తను ముగించే బాధ్యత మీదే.