బొంత కుట్టు
(స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగ పాఠము)

ఈ సాయంకాలము దొర్కాను గూర్చి మాట్లాడుమని మమ్మును కోరినారు. ఆమె కథ మీరెరిగినదే. కనుక ముందుగా మేము వెళ్లివచ్చిన ఒక తరగతిని గూర్చి చెప్పెదము.

మన సంజీవరెడ్డి నగరును ఆనుకొనియే అమీర్‌పేట ఉన్నది. మైత్రీవనము చుట్టుపట్ల కంప్యూటరు చదువులకై అన్ని జిల్లాలనుండి పిల్లలు వత్తురు. ఆ గుంపులోనుండి, పాత చీరల సంచులు పట్టుకొని, మన సంఘపు స్త్రీలు నలుగురితో మేము ఒక మేడమీది గదికి వెళ్లినాము. అక్కడ క్విల్టింగు నేర్పుదురు. మన మాటలో బొంత కుట్టుట. అయ్యగారికి సూదితో ఏమి పని అని కొందరు నవ్వినారు. పౌలు డేరాలు కుట్టినవాడు కదా అని మేమును నవ్వినాము.

నేర్పునది చిన్న వయస్సు అమ్మాయి. కత్తెర బదులు చక్రమువలె తిరుగు కత్తి, దాని క్రింద గళ్లు గీసిన చాప. అయిదంగుళముల చదరపు ముక్కలు కోయించినది. ప్రతి అంచున పావు అంగుళము కుట్టులోనికి పోవును గనుక చివరకు నాలుగున్నర అంగుళములే మిగులును. ఈ లెక్క మాకు రెండు వారములు పట్టినది. పై వరుస మడతను కుడికి, క్రింది వరుస మడతను ఎడమకు ఇస్త్రీ చేసినయెడల రెండును ఒకదానిలో ఒకటి ఒదిగి, మూలలు సరిగా కలియును. మన బొంతలలో ఇది చూడలేదు.

తరువాత పైపొర, నడుమ దూది పరుపు, క్రిందిపొర పరచి, ముడుతలు వెలుపలికి పోవునట్లు నడుమనుండి కుట్టవలెనని ఆ అమ్మాయి చెప్పినది. మాతో వచ్చిన ముసలమ్మ ఒకామె ఊరుకొనలేదు. "గట్ల కాదు బిడ్డా, అంచు దిక్కుకెళ్లి మొదలువెట్టాలె" అని, నేలమీద తన చీరలు పరచి, నాలుగు మూలల బరువులు పెట్టించి, అరచేతితో సవరించుచు చుట్టూ కుట్టుకొనుచు లోపలికి వెళ్లినది. చీరను కత్తితో కోయనియ్యలేదు. కొంచెము గాటు పెట్టి చింపినయెడల నూలుబట్ట పోగువెంట తానే తిన్నగా పోవునని చూపినది.

ఆ అమ్మాయి నొచ్చుకొనలేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లాయందలి సిద్దీ స్త్రీలును అంచునుండియే మొదలుపెట్టుదురని చెప్పి బొమ్మలు చూపినది. వీరు ఆఫ్రికా మూలముగలవారు, కొందరు కథోలికులు. వారి బొంతల నాలుగు మూలల చిన్న మడతల పువ్వులు కుట్టనిదే పని ముగిసినట్లు కాదట.

మరియొక బొమ్మలో అమెరికాయందలి అలబామా రాష్ట్రము, జీస్ బెండ్ అను పల్లె. బానిసల సంతతివారైన నల్లజాతి స్త్రీలు చిరిగిన పనిబట్టలతో అక్కడ బొంతలు కుట్టుకొనిరి. 1965లో ఫ్రాన్సిస్ వాల్టర్ అను ఎపిస్కోపల్ గురువు ఆ ప్రాంతములో దండెముమీద ఆరవేసిన బొంతలు చూచి ఆగినాడు. 1966లో అచ్చటి స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అను సహకార సంఘము పెట్టుకొనిరి. ఓటు అడిగినందుకు ఇల్లు వాకిలి పోగొట్టుకొన్నవారు వారిలో ఉన్నారు. జీస్ బెండ్ బొంతలు 2002లో న్యూయార్కు విట్నీ మ్యూజియము గోడలకెక్కినవి. 2006లో తపాలా బిళ్లలమీద అచ్చయినవి.

మనమో, పొందిక లేని దేనినైనను 'అతుకుల బొంత' అని వెక్కిరింతుము. గోదావరి తీరమున మిషనెరీ దొరసానులు నేర్పిన లేసు అల్లికను గూర్చి సువనీరులలో గొప్పగా వ్రాసికొందుము. బొంతను ఎవరూ ఓడమీద తెచ్చి నేర్పలేదు. అందుచేతనే లెక్కలో వేసికొనలేదేమో.

ఇక్కడ ఒక మాట ఒప్పుకొనవలెను. ఆ ముసలమ్మ మావైపు తిరిగి, "మీ అమ్మ కుట్టలేదా అయ్యగారూ?" అని అడిగినది. కుట్టినది. మేము వేదాంత కళాశాలకు బయలుదేరినప్పుడు తన చీరలు, నాయనగారి పంచెలు కలిపి కుట్టి పెట్టెలో పెట్టినది. హాస్టలులో తోటివారు రగ్గులు పరచుకొనుచుండిరి. మేము ఆ బొంతను రెండు రాత్రులు మంచము క్రింద దాచి, మూడవనాడు కాపలావానికి ఇచ్చివేసినాము. సెలవులకు వెళ్లినప్పుడు అమ్మ అడిగినది. వెచ్చగా ఉన్నదమ్మా అని చెప్పినాము. అమ్మ ఇప్పుడు లేదు. ఆ అబద్ధము సరిదిద్దుకొనుటకు ఆమె బ్రదికియుండగా చాలా సంవత్సరములు దొరికినవి.

యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురుకు ఏమి చూపిరి? ఆమె చేసిన ప్రార్థనలను గూర్చి చెప్పినట్లు అక్కడ లేదు. ఆమె కుట్టిన బట్టలు చూపి ఏడ్చిరి. చూపుటకు వారియొద్ద బట్టలుండెను. ఈ భాగముమీద మేము ఎన్నిసార్లో ప్రసంగించినాము. ఆ తరగతినుండి వచ్చిన రాత్రి చదువలేకపోతిమి.

అమ్మ చీరలు రెండు మిగిలినవి. ఒకటి నీలిరంగుది, అంచు నలిగినది. పోయిన మంగళవారము తరగతికి తీసికొనిపోయినాము. ముసలమ్మ దానిని వెలుతురుకు పట్టి చూచి, "ఇంక ఏండ్లు ఆగుతది" అన్నది. గాటు తానే పెట్టి, చింపుమని మా చేతికిచ్చినది. ఆ దినము మాచేత కాలేదు. వచ్చే మంగళవారము మరల వెళ్లుచున్నాము. మీలో ఎవరైనా రాదలచినయెడల పాత నూలుచీర ఒకటి తెచ్చుకొనుడి. సూదులు అక్కడ ఇత్తురు.