వసారా గూట్లో నీలిపూల పళ్లెం
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి మాట్లాడటానికి నాకన్న సమర్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను ఒక పళ్లెం గురించి చెబుతాను.

మాది పుల్లలచెరువు. మార్కాపురం ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండిన రోజులవి. మా నాన్నగారు మద్రాసు మూర్ మార్కెట్లో, పాత సామాన్ల అంగట్లో ఒక పింగాణి పళ్లెం కొన్నారు. తెల్లని పళ్లెం మీద నీలిపూలు, అంచున తీగ. ఎంత అందంగా ఉన్నా మా నాయనమ్మ దాన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. ఇత్తడైతే చింతపండుతో తోమితే శుద్ధి, పింగాణికి శుద్ధి లేదని ఆమె లెక్క. అది వసారా గూట్లో ఉండేది. మా చేలో పనికొచ్చే ముసలాయనకు అందులో అన్నం పెట్టేవారు. ఆయన తిని, తనే కడిగి, గూట్లో బోర్లించి వెళ్లేవాడు. అంటరానితనం నేరమని బళ్లో చదువుకున్నాను. ఇంట్లో మాత్రం నోరెత్తలేదు.

2008లో హైదరాబాదు వెళ్లి సాలార్ జంగ్ మ్యూజియం చూశాను. 1951లో నెహ్రూగారు ప్రారంభించినది. జపాను వస్తువుల గదిలో అద్దాల వెనుక అలాంటి నీలి, తెలుపు పింగాణే! ఇక్కడ కూడా తాకరాదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తిరిగొచ్చి దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. జపానులో క్యూషూ దీవిలో అరిటా అనే ఊరుంది. 17వ శతాబ్ది మొదట్లో కొరియా కుమ్మరులు అక్కడ పింగాణి మొదలుపెట్టారు. ఇమారి రేవునుంచి ఎగుమతి కావడంతో ఇమారి అన్న పేరొచ్చింది. చైనాలో యుద్ధాలవల్ల సరుకు ఆగిపోతే, 1650ల నుంచి డచ్చి కంపెనీ జపాను సరుకు కొనసాగింది. మన మచిలీపట్నంలో బట్టలు కొన్న కంపెనీయే అది. కోబాల్టు నీలంతో పూలు వేసి, పైన మెరుగుపూత పూసి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రంగు పూతకింద ఉండిపోతుంది గనుక ఎంత తోమినా పోదు.

మా పళ్లెం రాజుల సొత్తేమీ కాదు. పరీక్షగా చూస్తే ఒకచోట తీగ అతుకు కలవలేదు. కత్తిరించిన కాగితపు అచ్చు పెట్టి రంగు అద్దిన గుర్తు అది. 1868–1912 మధ్య జపానులో మామూలు ఇళ్లకోసం ఇలాంటివి విరివిగా చేశారు. మీ ఇళ్లలో ఉంటే అడుగు తిరగేసి చూడండి. "నిప్పన్" అని ఇంగ్లీషు అక్షరాలుంటే చాలావరకు 1891 తరువాత అమెరికాకని చేసిన సరుకు.

ఒక పాతసామాన్ల వ్యాపారి బేరమాడాడు. మావాడు అమ్మేద్దామన్నాడు. నాకు మనసొప్పక ఆ ముసలాయన మనవడింటికి తీసుకెళ్లాను. ఆయనా రిటైరైన ఉద్యోగే. పళ్లెం అటూ ఇటూ తిప్పి చూసి, "మాస్టారూ, మీరెప్పుడైనా ఇందులో తిన్నారా?" అని అడిగారు.

తినలేదు. మా ఇంట్లో ఎవరూ తినలేదు.

వాళ్లావిడ అందులోనే ఉప్మా పెట్టి తెచ్చారు. తిన్నాను. నేనే కడిగి, పళ్లెం అక్కడే ఉంచి వచ్చాను.

సెలవు.