ఒక ఫోటాన్ ఇస్తే రెండు ఫోటాన్లు: 2 మైక్రాన్ల ఫైబర్ లేజర్‌లో చిల్లర లెక్క

ఇవాళ కబుర్లు లేకుండా నేరుగా ఒక లెక్కతో మొదలుపెడదాం.

ఒక గాజు ఫైబర్ ఉంది. దాని కోర్‌లో థూలియం అనే మూలకాన్ని కొంచెం కలిపారు. ఇలా కలపడాన్నే డోపింగ్ అంటారు. ఈ ఫైబర్‌లోకి 793 నానోమీటర్ల కాంతిని పంప్ చేస్తున్నాం. బయటికి 2000 నానోమీటర్లు, అంటే 2 మైక్రాన్ల లేజర్ రావాలి. లోపలికి వెళ్ళిన ప్రతి ఫోటాన్‌కి బదులుగా కచ్చితంగా ఒక ఫోటాన్ బయటికొచ్చింది, ఒక్కటి కూడా వేస్ట్ అవ్వలేదు అనుకుందాం. ఎఫిషియన్సీ ఎంత?

100 శాతం అని టక్కున అనేస్తారు. కాదండి, 40 శాతం.

ఎందుకంటే తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఒక్కో ఫోటాన్‌లో ఉండే శక్తి తగ్గిపోతుంది. 793ని 2000తో భాగించండి, దాదాపు 0.4 వస్తుంది. అంటే మీరు 100 రూపాయల ఫోటాన్ ఇచ్చి 40 రూపాయల ఫోటాన్ తీసుకుంటున్నారు. మిగతా 60 రూపాయలు వేడి కింద గాజులోకి పోతాయి. దీన్ని క్వాంటమ్ డిఫెక్ట్ అంటారు. పేరులో డిఫెక్ట్ ఉంది కదా అని తయారీలో లోపం అనుకోకండి, ఇది ప్రకృతి వేసే టాక్స్. ఫ్యాక్టరీల్లో ఇనుము కోసే ఇటర్బియం ఫైబర్ లేజర్లకి ఈ టాక్స్ చాలా తక్కువ. 976 దగ్గర పంప్ చేస్తే 1070 దగ్గర లేజర్ వస్తుంది, అంటే 100కి 91 రూపాయలు తిరిగొచ్చినట్టే. పొడుగు తరంగదైర్ఘ్యాల వైపు వెళ్తేనే జేబుకి చిల్లు.

మరి ఇటర్బియంతోనే సరిపెట్టుకోవచ్చు కదా, ఈ 2 మైక్రాన్లు ఎందుకు? నీళ్ళ కోసం. నీళ్ళు 1 మైక్రాన్ కాంతిని పెద్దగా పట్టించుకోవు, వదిలేస్తాయి. 1940 నానోమీటర్ల దగ్గర మాత్రం గట్టిగా పీల్చుకుంటాయి. మన ఒంట్లో ఎక్కువ భాగం నీళ్ళే కాబట్టి డాక్టర్లకి ఈ రంగు కావాలి. కిడ్నీలో రాళ్ళని లేజర్‌తో పగలగొట్టడం మీకు తెలిసే ఉంటుంది. మన ఇళ్ళల్లో ఎవరో ఒకరికి ఆ నొప్పి వచ్చే ఉంటుంది. దానికి చాలా ఏళ్ళుగా వాడుతున్నది హోల్మియం యాగ్ లేజర్. అది ఫైబర్ కాదు, క్రిస్టల్. 2100 నానోమీటర్ల దగ్గర పని చేస్తుంది, లోపల ఫ్లాష్ ల్యాంప్‌తో పంప్ చేస్తారు. గోడ ప్లగ్‌లోంచి తీసుకున్న కరెంట్‌లో లేజర్‌గా మారేది 1, 2 శాతం మాత్రమే. మిగతాదంతా వేడే. అందుకే దానికి పెద్ద పెట్టె, లోపల నీళ్ళ కూలింగ్, హై పవర్ మోడల్ అయితే హెవీ కరెంట్ లైన్ కావాలి. థూలియం ఫైబర్ లేజర్‌లో ఇదే లెక్క సుమారు 12 శాతం దాకా వస్తుంది. ఫ్యాన్ గాలి చాలు, మామూలు ప్లగ్ చాలు. పైగా 1940 దగ్గర నీళ్ళు హోల్మియం కాంతికంటే దాదాపు 4 రెట్లు ఎక్కువ పీల్చుకుంటాయి.

చిన్న ఊళ్ళో హాస్పిటల్ నడిపే డాక్టర్ వైపు నుంచి ఆలోచించండి. మెషిన్ ధర సంగతి తర్వాత, ముందు దాన్ని పెట్టడానికి కరెంట్ లైన్ మార్చాలా వద్దా? ఎఫిషియన్సీ అంటే ఆయనకి అదీ.

సరే, మళ్ళీ మన 40 రూపాయల దగ్గరికి వద్దాం. సిద్ధాంతం ప్రకారం 40 దాటకూడదు. కానీ మంచి థూలియం ఫైబర్లలో 60 శాతం దాటింది, ల్యాబుల్లో 70 కూడా దాటించారు. 2010లోనే థూలియం ఫైబర్ లేజర్ 1 కిలోవాట్ పవర్‌కి చేరింది. మరి టాక్స్ ఎగ్గొట్టారా?

ఎగ్గొట్టలేదు. ఆర్టీసీ కండక్టర్ టెక్నిక్ వాడారు.

బస్సులో చిల్లర లేకపోతే కండక్టర్ ఏం చేస్తాడు? టికెట్ వెనకాల రాసిస్తాడు. దిగే హడావిడిలో మర్చిపోయామా, ఆ డబ్బులు పోయినట్టే. లేదంటే ఇంకో పని చేస్తాడు. ఇద్దరు ప్యాసింజర్లని కలిపి, చేతిలో ఒకే నోటు పెట్టి, "దిగాక ఇద్దరూ పంచుకోండి" అంటాడు. సరిగ్గా థూలియంలో జరిగేది ఈ రెండో పనే.

స్క్రీన్ మీద బొమ్మ చూడండి. థూలియం అయాన్ ఒక బిల్డింగ్ అనుకోండి. 793 ఫోటాన్ వచ్చి ఒక అయాన్‌ని గ్రౌండ్ ఫ్లోర్ నుంచి మూడో ఫ్లోర్‌కి ఎక్కిస్తుంది. 2 మైక్రాన్ల లేజర్ వచ్చేది మొదటి ఫ్లోర్ నుంచి గ్రౌండ్‌కి దిగేటప్పుడు. ఇక్కడ ఒక అదృష్టం ఉంది. మూడో ఫ్లోర్ ఎత్తు, మొదటి ఫ్లోర్ ఎత్తుకి రెండు రెట్ల కంటే కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి మూడో ఫ్లోర్‌లో ఉన్న అయాన్ మొదటి ఫ్లోర్‌కి దిగుతూ, ఆ దిగిన శక్తిని పక్కనే గ్రౌండ్ ఫ్లోర్‌లో ఖాళీగా ఉన్న ఇంకో అయాన్‌కి ఇచ్చేస్తే, ఆ పక్కాయన కూడా మొదటి ఫ్లోర్‌కి వచ్చేస్తాడు. ఇప్పుడు మొదటి ఫ్లోర్‌లో ఇద్దరున్నారు. ఇద్దరూ చెరొక 2 మైక్రాన్ల ఫోటాన్ ఇస్తారు. లోపలికి వెళ్ళింది ఒక ఫోటాన్, బయటికొచ్చింది రెండు. దీని పేరు క్రాస్ రిలాక్సేషన్.

ఇప్పుడు చిల్లర లెక్క మార్చి చూడండి. 100 ఇస్తే 40 ప్లస్ 40, 80 రూపాయలు. వేడికి పోయేది 60 కాదు, 20. నిజంలో 80 దాకా వెళ్ళదు, 60 శాతం వస్తే బాగా వచ్చినట్టు. 60 అంటే ఒక పంప్ ఫోటాన్‌కి సగటున ఒకటిన్నర లేజర్ ఫోటాన్లు అన్నమాట.

60 అయినా చిన్న లాభం కాదు. మీకు 100 వాట్ల లేజర్ కావాలి అనుకోండి. 40 శాతం ఎఫిషియన్సీతో 250 వాట్ల పంప్ కావాలి, 150 వాట్లు వేడి అవుతుంది. 60 శాతంతో 167 వాట్ల పంప్ చాలు, వేడి 67 వాట్లే. ఎఫిషియన్సీ పెరిగింది ఒకటిన్నర రెట్లే, వేడి మాత్రం సగానికంటే కిందకి పడిపోయింది. ఫైబర్ బయట ఉండే పాలిమర్ కోటింగ్‌ని మాడ్చేది ఆ వేడే కాబట్టి, ఇంజనీర్ చూసేది ఈ రెండో అంకెనే.

మరి ఈ ట్రిక్ ప్రతి థూలియం ఫైబర్‌లోనూ దానంతటదే జరుగుతుందా? జరగదు. నోటు పంచుకోవాలంటే పక్క ప్యాసింజర్ పక్కనే ఉండాలి కదా. బస్సు ఖాళీగా ఉంటే ఎవరితో పంచుకుంటారు? ఇలాంటి శక్తి పంపకం దూరంతో భయంకరంగా పడిపోతుంది. మామూలుగా దూరం రెట్టింపైతే పంపకం వేగం 64 రెట్లు తగ్గుతుంది. అందుకే థూలియం బాగా దట్టంగా ఉండాలి. బరువులో సుమారు 2 శాతం పైన కలిపితేనే ఇది గట్టిగా పని చేస్తుంది.

అయితే బోలెడంత పోసేద్దాం అంటారా? గాజు ఒప్పుకోదు. మామూలు సిలికా గాజులో థూలియం సరిగ్గా కరగదు, గుంపులు గుంపులుగా ముద్ద కడుతుంది. పిండిలో ఉండలు కట్టినట్టు. ఆ ఉండల్లో అయాన్లు మరీ దగ్గరైపోయి తప్పుడు పంపకాలు మొదలుపెడతాయి. మొదటి ఫ్లోర్‌లో ఉన్న ఇద్దరిలో ఒకడు తనది పక్కాయనకి ఇచ్చి గ్రౌండ్‌కి పోతాడు, ఆ పక్కాయన పైకి ఎక్కిపోతాడు. మనం చేసిన పని రివర్స్ అయిపోయింది. దీనికి మందు అల్యూమినియం. గాజులో థూలియం కంటే చాలా రెట్లు ఎక్కువ అల్యూమినియం కలిపితే, అది అయాన్ల చుట్టూ చేరి విడదీసి ఉంచుతుంది. దట్టంగా ఉండాలి, ముద్ద కట్టకూడదు. ఈ రెంటి మధ్య బ్యాలెన్స్ పట్టుకోవడానికే గాజు కెమిస్టులకి ఏళ్ళు పట్టింది. నా దృష్టిలో ఈ కథలో హీరో లేజర్ డిజైనర్ కాదు, ఆ గాజు వండినవాళ్ళు. మన దేశంలో కోల్‌కతాలోని సెంట్రల్ గ్లాస్ అండ్ సెరామిక్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఇలాంటి డోప్డ్ ఫైబర్ల మీద పని చేస్తుంది. బీటెక్ ఈసీఈ, ఫిజిక్స్ వాళ్ళు ఆ పేరు నోట్ చేసుకోండి.

ఇంకో చిక్కు. ఇంత కలిపితే కోర్ రిఫ్రాక్టివ్ ఇండెక్స్ పెరిగిపోయి బీమ్ క్వాలిటీ చెడుతుంది. అందుకని కోర్ చుట్టూ కొంచెం ఎత్తు ఇండెక్స్ ఉన్న ఇంకో గాజు పొర పెడతారు, అరుగు కట్టినట్టు. పెడెస్టల్ ఫైబర్ అంటే అదే.

ఇప్పుడు తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న అడగాలి. టాక్స్ తరంగదైర్ఘ్యాల తేడా మీదే కదా, అయితే పంప్‌నే 2 మైక్రాన్లకి దగ్గరగా తెచ్చేయొచ్చు కదా? తెచ్చారు. 2014లో 1908 నానోమీటర్లతో పంప్ చేసి 90 శాతం పైన స్లోప్ ఎఫిషియన్సీ చూపించారు. వినడానికి అద్భుతం. కానీ ఆ 1908 కాంతి ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో థూలియం ఫైబర్ లేజర్ నుంచి. దాన్ని మళ్ళీ 793 డయోడ్లతోనే పంప్ చేయాలి. అది 60, ఇది 90 అనుకుంటే మొత్తం 54. నేరుగా పంప్ చేసినదానికంటే తక్కువే! మరి ఎందుకు చేస్తారంటే, వేడిని ఒక్క ఫైబర్‌లో కుమ్మరించకుండా చాలా చిన్న లేజర్ల మధ్య పంచడానికి. సాఫ్ట్‌వేర్‌లో లోడ్ బ్యాలెన్సింగ్ చేస్తాం చూడండి, అలాగ. మొత్తం పని తగ్గదు, ఏ ఒక్క సర్వరూ పడిపోదు. పవర్ బాగా ఎక్కువ కావాల్సిన చోట అది సరైన బేరమే. కిడ్నీ రాళ్ళకి మాత్రం అనవసరం.

ఇంకా పొడుగ్గా వెళ్దామా? 2.8 మైక్రాన్లకి. ఇక్కడ సిలికా గాజు పనికిరాదు, ఆ కాంతిని అదే మింగేస్తుంది. 1970ల మధ్యలో ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో కనిపెట్టిన ఫ్లోరైడ్ గాజుల కుటుంబానికి చెందిన జిబ్లాన్ వాడతారు. సున్నితమైన గాజు, తేమ పడదు, వేడి అసలే పడదు. అందులో ఎర్బియం డోప్ చేసి 976తో పంప్ చేస్తారు. టాక్స్ లెక్క వేస్తే 35 రూపాయలే చేతికొస్తాయి.

పైగా ఇక్కడ జబ్బు వేరు. ఎర్బియంలో 2.8 మైక్రాన్ల కాంతి రెండో ఫ్లోర్ నుంచి మొదటి ఫ్లోర్‌కి దిగేటప్పుడు వస్తుంది. రెండో ఫ్లోర్‌లో అయాన్ ఉండేది సుమారు 7 మిల్లీసెకన్లు, మొదటి ఫ్లోర్‌లో సుమారు 9. దిగినవాడు కదలడు. కింద ఫ్లోర్ నిండిపోతే పైనుంచి ఇంకెవరూ దిగలేరు, లేజర్ తనంతట తానే ఆగిపోతుంది. కోడ్ రాసేవాళ్ళకి ఈ బాధ బాగా తెలుసు: కన్స్యూమర్ స్లో, క్యూ ఫుల్.

ఇందాక థూలియంలో తిట్టుకున్న ఆ తప్పుడు పంపకమే ఇక్కడ దేవుడు. ఎర్బియం దట్టంగా ఉంటే మొదటి ఫ్లోర్‌లోని ఇద్దరిలో ఒకడు శక్తి ఇచ్చేసి గ్రౌండ్‌కి పోతాడు, రెండోవాడు మూడో ఫ్లోర్‌కి ఎక్కి, అక్కడి నుంచి జారి రెండో ఫ్లోర్‌లో ఆగుతాడు. అంటే ఫ్లోర్ ఖాళీ అయింది, పైగా ప్రతి ఇద్దరిలో ఒకడు మళ్ళీ పనికి రెడీ. ఒకటి, ప్లస్ సగం, ప్లస్ పావు, అలా కూడుకుంటూ పోతే 2. కాగితం మీద 70 శాతం దాకా రావాలి. నిజంలో ఇలాంటి ఫైబర్లు ఎక్కువగా 20, 30 శాతం దగ్గరే ఆగిపోయాయి. ఆ ఫైబర్ వెలిగేటప్పుడు పచ్చగా మెరుస్తుంది, వీడియోలకి బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ పచ్చదనం ఇంకా పైకెక్కిపోయిన అయాన్లది. మన లెక్కలో లీకేజ్.

కెనడాలోని లావాల్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో రివర్స్‌లో ఆలోచించారు. డోపింగ్ తగ్గించారు. అదే ఫైబర్‌లో 1.6 మైక్రాన్ల దగ్గర రెండో లేజర్‌ని కూడా వెలిగించారు. అది మొదటి ఫ్లోర్‌ని గ్రౌండ్‌కి ఖాళీ చేస్తుంది. అంతే కాదు, ఆ 1.6 కాంతినే మొదటి ఫ్లోర్‌లో మిగిలినవాళ్ళు పీల్చుకుని పైకెక్కి, మళ్ళీ రెండో ఫ్లోర్‌కి వస్తారు. పారేసే చిల్లరతోనే మళ్ళీ టికెట్ కొన్నట్టు. 35 శాతం కూడా లేని హద్దు దగ్గర వాళ్ళకి 50 శాతం స్లోప్ ఎఫిషియన్సీ వచ్చింది. నాకు ఈ మొత్తం సబ్జెక్ట్‌లో బాగా నచ్చింది ఇదే. ఆ తర్వాత డిస్ప్రోసియం వాళ్ళు ఆ 2.8 లేజర్‌నే పంప్‌గా పెట్టి 3.15 మైక్రాన్ల దగ్గర 73 శాతం చూపించారు, 2018లో. దాంట్లో మన 1908 బేరమే మళ్ళీ కనిపిస్తుంది, మీరే లెక్క వేసి చూడండి.

ఆఖరుగా ఒక ప్రాక్టికల్ ముక్క. ఇవాళ నేను చెప్పిన అంకెల్లో చాలావరకు స్లోప్ ఎఫిషియన్సీవి. అంటే లేజర్ స్టార్ట్ అయ్యాక అదనంగా ఇచ్చిన ప్రతి వాట్‌కి ఎంత వస్తుందో అది. స్టార్ట్ అవ్వడానికి కట్టిన ఎంట్రీ ఫీజు అందులో ఉండదు. ఏ పేపరో, స్పెక్ షీటో చదివేటప్పుడు ముందు ఇది చూడండి: ఫైబర్ పీల్చుకున్న పంప్‌తో భాగించారా, లోపలికి పంపిన పంప్‌తోనా, గోడ ప్లగ్‌తోనా? అదే లేజర్‌కి ఈ మూడు అంకెలూ వేరువేరుగా ఉంటాయి, బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో వేసేది ఎప్పుడూ పెద్ద అంకెనే.

హోల్మియంని ఫైబర్‌లో పెడితే ఏమవుతుందో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటాను ఫ్రెండ్స్, బై.