బాబ్లీ ఒడ్డున ఊచబియ్యం
(ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు ఉపన్యాసమంటే పంచాంగ శ్రవణంలాగా వుండాలని కొందరి అభిప్రాయం. ఆదాయ వ్యయాలూ, రాజపూజ్యావమానాలూ చెప్పటం నాకు చేతకాదు. లోపల పులిహోర వాసన వస్తూండగా దీర్ఘోపన్యాసం వినవలసి రావటం ఎంత అవమానమో మాత్రం తెలుసు. అందుచేత తిండి గురించే నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

నేను పుట్టి పెరిగింది ధర్మాబాదు దగ్గర. గోదావరి నాందేడు దాటి, మా ప్రాంతం మీదుగా వచ్చి, బాసర దగ్గర తెలంగాణలో ప్రవేశిస్తుంది. ఆ దారిలోనే బాబ్లీ వున్నది. 1956 దాకా నాందేడు, నిజామాబాదు జిల్లాలు ఒకే హైదరాబాదు రాష్ట్రంలో వుండేవి. ఆ యేడు నవంబరు 1న మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. పటం మీద గీత పడింది గాని, ధర్మాబాదు మిరపకాయ ఆ గీత చూసి ఆగలేదు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, తాతల నాటి కాగితాల మీద ఉర్దూ. మూడూ కలిపితేనే మా వూళ్ళో బేరం కుదిరేది.

బడిలో ముగ్గురం ఒకే బెంచీ. ఒకడు బాబ్లీ రైతుబిడ్డ, మరాఠీవాడు. రెండోవాడు నాలాగే తెలుగువాడు. చదువు కాగానే నిజామాబాదు జిల్లాలో మేనమామ గారి వూరు చేరి, శ్రీరాంసాగర్ లక్ష్మీ కాలువ కింద సేద్యంలో కుదురుకున్నాడు. నేను పొట్ట చేతబట్టుకొని బొంబాయి వచ్చాను. ఎక్కడున్నా సంక్రాంతి రోజుల్లో ముగ్గురం బాబ్లీవాడి చేను మీద కలిసేవాళ్ళం, ఊచబియ్యం తినటానికి.

ఇక్కడ పుట్టిన పిల్లలకు ఊచబియ్యమంటే తెలియకపోవచ్చు. యాసంగి జొన్న కంకి పాలుపోసుకొని, గింజ గట్టిపడక ముందే కోస్తారు. నేలలో గుంట తీసి, పిడకలు రాజేసి, ఆ నిప్పుల మీద కంకులు కాలుస్తారు. వేడివేడిగా అరచేతుల మధ్య నలిపి ఊదితే పొట్టు ఎగిరిపోయి, పచ్చని గింజలు మిగులుతాయి. పక్కన వెల్లుల్లి కారం, పల్లీల పొడి, బెల్లం ముక్క, గడ్డ పెరుగు. ఆపైన కుండలో మజ్జిగ. మరాఠీవారు దీన్ని హుర్డా అంటారు. దీనిలో ఒక విశేషమున్నది. ఇది ఒంటరిగా తినే తిండి కాదు. ఒకడు కాల్చాలి, ఒకడు నలపాలి, ఒకడు తినాలి. చేతులు కాలుతాయి గనుక వంతులు మార్చుకోవాలి. అరచెయ్యి ఎర్రబడని వాడికి గింజ రుచి తెలియదని మా మిత్రుడి తండ్రి అనేవాడు.

ముప్పై యేళ్ళకు పైగా ఇట్లా సాగింది. తరువాత నీళ్ళు వచ్చి మా మధ్య నిలిచాయి.

1963 జూలై 26న నెహ్రూ గారు పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. దాని జలాశయపు వెనుక నీరు మహారాష్ట్ర లోపలికి వస్తుంది. ఆ నీటి జాగాలోనే బాబ్లీ దగ్గర మహారాష్ట్ర 14 తలుపుల బ్యారేజీ తలపెట్టింది, 2.74 టి.ఎం.సి.ల నిలవ. 2006లో ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2010 జూలైలో ఆంధ్రప్రదేశ్ ప్రతిపక్ష నాయకులు బాబ్లీ చూడబోయి ధర్మాబాదులో అరెస్టయ్యారు. అప్పుడు రెండు ఒడ్డులా మాటలు వేడెక్కాయి.

ఇద్దరి భయమూ నిజమే. ఒకడికి ఇంటి ముందు గోదావరి, వేసవిలో బావి అడుగున బురద. ఇంకొకడికి, పైన తలుపు దించితే తన కాలువ చివరికి తడి వస్తుందో రాదోనని దిగులు. ఫోనులో మాటా మాటా పెరిగింది. ‘నోటికాడి కూడు గుంజుతున్నవురా’ అన్నాడు వాడు. ‘మా వూరి ముందు పారే నీళ్ళు ముట్టటానికి నీ సెలవు కావాలా?’ అన్నాడు వీడు.

నేనేం చేశాను? ఇద్దరితోనూ విడివిడిగా ‘నీదే న్యాయం’ అన్నాను. కొన్నాళ్ళకు ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. దానితో ముగ్గురి మధ్యా మాటలు నిలిచిపోయాయి.

2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా బాబ్లీ తలుపులు ఎత్తి వుంచాలి. మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీరు కిందికి వదలాలి. దీన్ని చూడటానికి ముగ్గురు సభ్యుల కమిటీ: చెరి ఒక రాష్ట్రం నుంచి ఒకరు, మధ్య కేంద్ర జలసంఘం వారు ఒకరు. అది చదివి సిగ్గుపడ్డాను. మా ముగ్గురిలో ఆ మధ్యవాడిగా వుండవలసింది నేను గదా!

సిగ్గుపడటానికి ఒకరోజు చాలింది. కదలటానికి యేళ్ళు పట్టింది. గత సంక్రాంతికి ముందు బాబ్లీ నుంచి మా వహినీ, అంటే వదిన గారు, ఫోను చేసింది. ‘భావూజీ, కంకి పాలుపోసుకుంది. ఈసారీ కాల్చేవాళ్ళు లేరు’ అన్నది. అంతే. ముందు నిజామాబాదు వెళ్ళి, నా తప్పు ఒప్పుకొని, వాణ్ణి రైలెక్కించి ధర్మాబాదులో దింపాను.

చేను గట్టున ఇద్దరూ ఎడమొగం పెడమొగంగా కూర్చున్నారు. వహినీ వచ్చి నువ్వులూ బెల్లమూ కలిపిన ఉండలు చేతుల్లో పెట్టింది. అవి తిని తీయగా మాట్లాడుకోవాలని మరాఠీ సంక్రాంతి ఆచారం. నిజామాబాదువాడు మజ్జిగ చెంబు అందుకొని, ‘ఏమిరా, ఇది తాగాలన్నా సుప్రీంకోర్టు హుకుం కావాల్నా?’ అన్నాడు. వీడు ఫక్కున నవ్వి, నిప్పులో కంకులు పెట్టాడు. నలిపే వంతు నాకు వేశారు. శిక్ష బాగానే వున్నది. రెండు రోజులు చేతులు మండాయి.

నీళ్ళ తగవు తీరిందని నేను చెప్పను. ఆ పూట కూడా దాని మీద వాదించుకున్నారు. కాని ఎదురుగా కూర్చుని, ఒకరి చేతి గింజలు ఒకరు తింటూ వాదించుకున్నారు. లేచేముందు నిజామాబాదువాడు, ‘మార్చి ఒకటిన నీళ్ళొస్తయి గదా, వాటెంబడి నువ్వు గూడ రా’ అన్నాడు. బాబ్లీవాడు వెళ్ళాడు, సంచీ నిండా ధర్మాబాదు మిరపకాయలతో.

నేడు మనకు ఉగాది, మన మరాఠీ పొరుగువారికి గుడీ పాడ్వా. ఇద్దరమూ వేపా బెల్లమూ తింటాము. చేదును వదిలిపెట్టి తీపి ఒక్కటే పెట్టమని మన పెద్దలు చెప్పలేదు. రెండూ ఒకే గిన్నెలో కలపమన్నారు. ఇక్కడున్న మీలో ఒక్కొక్కరికీ మాట నిలిచిపోయిన మిత్రుడు ఒకడైనా వుండే వుంటాడు. ఇంటికి వెళ్ళగానే వాడికి ఫోను చేయండి. న్యాయం సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు భోజనానికి పిలవండి.

నా మాట పూర్తయింది. ఆకులు వేసినట్టున్నారు.