కంప్యూటర్ భద్రత: ఒక్క ఉపన్యాసంతో సరిపోతుందా?

 

క్రిప్టోగ్రఫీ, నెట్‌వర్క్ సెక్యూరిటీ పేపరు మన ఇంజనీరింగ్ కాలేజీలకు కొత్త కాదు. ఆర్‌ఎస్‌ఏ లెక్క చేయిస్తున్నాం, ఫైర్‌వాల్ రకాలు రాయిస్తున్నాం, యూనిట్లన్నీ పూర్తి చేస్తున్నాం. అందులో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే ఉద్యోగంలో చేరాక డేటాబేస్ పాస్‌వర్డును ప్రోగ్రాములోనే రాసి నలుగురికీ కనబడేచోట పెడుతున్నారు. చదివింది చేతిదాకా రాలేదు. నా మనవి ఒక్కటే. భద్రతలో ఒక్కో విషయానికి ఒక్కో బోధనా రూపం కావాలి. అన్నిటినీ ఉపన్యాసంతోనే చెప్పాలనుకుంటే పరీక్ష దాటాక ఏదీ మిగలదు.

1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన వార్మ్ (యంత్రం నుంచి యంత్రానికి తనంతట తానే పాకే ప్రోగ్రాము) సంగతి చూడండి. ఫింగర్ అనే సేవలో 512 బైట్లు పట్టే చోటికి, అంటే బఫర్‌కు, అది 536 బైట్లు పంపింది. వచ్చేది ఎంతో చూసుకోకుండా లోపలికి తీసుకునే గెట్స్ ఫంక్షన్ వల్ల దానికి దారి దొరికింది. ఆనాటి ఇంటర్నెట్‌లో సుమారు పదో వంతు యంత్రాలకు సోకిందని అంచనా. మోరిస్‌పై కేసు నడిచింది, శిక్ష పడింది. ఇలాంటి ఘటనలను ఎదుర్కోవడానికి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ కేంద్రం పుట్టింది. ఇది కథగా చెబితే తరగతి మొత్తం వింటుంది, బాధ్యత అంటే ఏమిటో తెలుస్తుంది. అయితే బఫర్ ఎలా పొంగుతుందో కథ వింటే అర్థం కాదు, చేసి చూడాలి. సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య వెన్‌లియాంగ్ డు 2002లో మొదలుపెట్టిన సీడ్ ల్యాబ్స్ అందుకే ఉన్నాయి. వర్చువల్ యంత్రంలో రక్షణలన్నీ తీసేసి విద్యార్థి తానే దాడి చేస్తాడు. తర్వాత ఒక్కో రక్షణనూ తిరిగి పెడుతూ దాడి ఎక్కడ ఆగిందో చూస్తాడు. అవి ఉచితంగా దొరుకుతాయి, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఇక్కడ నన్ను బాధించే విషయం ఒకటి చెప్పాలి. గెట్స్‌ను సీ భాషా ప్రమాణం నుంచి 2011లో తొలగించారు. మన మొదటి సంవత్సరం ల్యాబు రికార్డుల్లో అది ఇంకా కనిపిస్తూనే ఉంది. మొదటి ఏడు మనమే నేర్పిన ప్రమాదాన్ని నాలుగో ఏడు ఎలక్టివ్‌లో మాన్పించగలమా? భద్రత పాఠం సీ ల్యాబులోనే మొదలుకావాలి.

ల్యాబుతో పాటు, భద్రతా చిక్కుముడులు ఛేదించే సీటీఎఫ్ (క్యాప్చర్ ది ఫ్లాగ్) పోటీలు కూడా మంచివే. కేరళలోని అమృత విశ్వవిద్యాలయ విద్యార్థులు నడిపే ఇన్‌సీటీఎఫ్, కార్నెగీ మెలన్ వారి పికోసీటీఎఫ్ ఎందరికో దారి చూపాయి. కాని పోటీలో వేగంగా ఛేదించేవాళ్లే మెరుస్తారు. నిదానంగా, పదిలంగా కట్టేవాళ్లకు మార్కులిచ్చే పద్ధతి మనమే తయారుచేసుకోవాలి.

ఇక ఫిషింగ్, అంటే మోసపు ఈమెయిళ్లతో వల వేయడం. ఇప్పుడు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆచార్యులుగా ఉన్న పొన్నురంగం కుమారగురు, కార్నెగీ మెలన్‌లో డాక్టరేట్ చేస్తుండగా ఫిష్‌గురు అనే పద్ధతిపై పనిచేశారు. ఉత్తుత్తి మోసపు ఈమెయిల్ పంపుతారు. ఎవరైనా లింకు నొక్కితే, ఆ క్షణమే బొమ్మల కథగా పాఠం కనబడుతుంది. అదే పాఠాన్ని విడిగా ఈమెయిల్‌లో పంపినప్పటికంటే, నొక్కిన వెంటనే చూపినప్పుడు జనం బాగా నేర్చుకున్నారు. 2009లో ప్రచురించిన అధ్యయనంలో 28 రోజుల తర్వాత కూడా నేర్చుకున్నది వాళ్లకు గుర్తుంది. మన అవగాహన సదస్సుల్లో బ్యానరు, పీపీటీ, గ్రూపు ఫోటో ఉంటాయి. పొరపాటు పడే క్షణం మాత్రం ఉండదు.

మోసగాళ్లు పోలీసులమంటూ డిజిటల్ అరెస్ట్ పేరుతో పెద్దవాళ్లను వీడియో కాల్‌లో బెదిరిస్తున్న ఈ రోజుల్లో, అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని కరపత్రం పంచితే చాలదు. దీన్ని అభినయించి నేర్పాలి. విద్యార్థి పోలీసు గొంతుతో మాట్లాడాలి. ఎదుట కూర్చున్న పెద్దాయన ఫోన్ పెట్టేయడం, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయడం అక్కడే అభ్యాసం చేయాలి. ఈ అభ్యాసం తెలుగులోనే జరగాలి, ఎందుకంటే ఆ బెదిరింపు విని భయపడేది తెలుగులోనే.

దాడి నేర్పేటప్పుడు హద్దు కూడా నేర్పాలి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి దురుద్దేశంతో చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. మొదటి ల్యాబు రోజునే ఈ మాట చెప్పండి. ఉత్తుత్తి ఈమెయిల్‌కు మోసపోయినవాళ్ల పేర్లు ఎక్కడా బయటపెట్టకండి. ఒకసారి సిగ్గుపడినవాళ్లు నిజంగా మోసపోయిన రోజున నోరు విప్పరు.

మిత్రులారా, వచ్చే సెమిస్టర్‌లో ఒక్క యూనిట్‌ను ఉపన్యాసం నుంచి తప్పించి ల్యాబుకో, కథకో, అభినయానికో అప్పగించండి. దాని సూచనలు తెలుగులో రాయండి. ఏది పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో రాసి, పక్క కాలేజీ వాళ్లు కూడా వాడుకునేలా అందరికీ ఇవ్వండి. వచ్చే సదస్సులో మీ పత్రాలు వాటి మీదే ఉండాలని కోరుతున్నాను.